వెనక్కి చుట్టని రీలు

"ఎక్స్‌క్యూజ్ మీ, అది నా మెషిన్."

ప్రఫుల్ల తల తిప్పలేదు. లైబ్రరీ రెండో అంతస్తులో ఒక మూల, పాత పత్రికల ఫిల్ములు చదివే యంత్రం ముందు కూర్చుని ఉంది. కిటికీ బయట లీడ్స్ ఊరంతా వానలో నానుతోంది. తెర మీద ఆమె సగం చదివిన వాక్యం ఇంకా మిగిలే ఉంది.

"హలో, మేడమ్? నేను టీకి వెళ్ళాను, అంతే. ఆ ఫిల్మ్ పెట్టింది నేనే."

"కుర్చీ ఖాళీగా ఉంది," అంది ఆమె కూడా ఇంగ్లిష్‌లోనే. "కుర్చీ మీద ఎవరి పేరూ రాసిలేదు."

నిజానికి ఆమె చదవడానికి రాలేదు. అందరికీ సెలవు దొరికిన రోజున ఆమెకు ఆసుపత్రిలో డ్యూటీ. ఆమెకు సెలవు దొరికిన రోజున ఊరంతా పనిలో ఉంటుంది. ఆ గురువారం మధ్యాహ్నం నుంచీ వీధులు తిరిగి, ఒక కొట్లో కొనని కోటు రెండుసార్లు తొడుక్కుని చూసి, వాన పెద్దదయ్యాక లైబ్రరీలోకి దూరింది. మూల యంత్రంలో దీపం వెలుగుతోంది. దాని పక్క వెచ్చగా ఉంది. చలికాచుకుందామని కూర్చుంది.

కళ్ళెదుట ఉన్నది కనుక చదివింది.

వందేళ్ళ కిందటి, 1911 నాటి సాయంకాలపు పత్రిక. అందులో ఒక శీర్షిక, 'ట్రామ్ మేడ మీంచి' అని. రాసినాయన పేరు లేదు. రోజూ ట్రామ్ పై అంతస్తులో కూర్చుని, కింద వీధిలో కనబడ్డ మనుషుల గురించి రాసేవాడట. ఆ రోజు రాసింది ఒక టోపీల కొట్టు పిల్ల గురించి. ఎక్కడినుంచో ఈ ఊరికి పనికొచ్చింది. మధ్యాహ్నం టౌన్‌హాల్ మెట్ల మీద, రాతి సింహం పక్కన ఒక్కతే కూర్చుని రొట్టె తింటుంది. సగం పిచ్చుకలకు వేస్తుంది. 'ఈ ఊళ్ళో ఆమెను గుర్తుపట్టేవి ఆ పిచ్చుకలే' అని రాశాడాయన.

ప్రఫుల్ల ఆ వాక్యం మళ్ళీ చదవబోయింది. వార్డులో ఆమె పేరు పలకడం ఎవరికీ రాదు. డాక్టర్ పీ అంటారు. ఆ పీ వెనక ఒక మనిషి ఉందని ఎవరికీ గుర్తున్నట్టు ఉండదు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఈ 'ఎక్స్‌క్యూజ్ మీ' వచ్చింది.

అతను రెండడుగులు వెనక్కి వేసి ఫోన్ తీశాడు. గొంతు తగ్గించాననుకున్నాడు.

"ఏం లేదురా. ఎవరో మేడమ్ నా మెషిన్ కాడ కూసున్నది. లేవుమంటె లేస్తలేదు. చూస్తె మనోళ్ళ లెక్కనే ఉన్నది. కోపం గూడ మనోళ్ళదే."

"కోపం మనవాళ్ళదే," అంది ప్రఫుల్ల తెలుగులో. "మెషిన్ మాత్రం లైబ్రరీది."

ఫోన్ చటుక్కున ఆగిపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. పొడుగ్గా ఉన్నాడు, తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. చేతిలో కాగితం కప్పు, దాని మీద బిస్కెట్టు మూతలా పెట్టుకున్నాడు.

"సారీ అండీ. మీరు తెలుగని..."

"తెలిస్తే ఏమనేవారు?"

"తెలిస్తే బయటికి పోయి అనేటోన్ని."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆపుకోవడానికి కోపం కాస్త ఎక్కువ తెచ్చుకోవాల్సి వచ్చింది.

"టీకి వెళ్ళేముందు రీలు వెనక్కి చుట్టి పెట్టెలో పెట్టాలని గోడ మీద రాసుంది. చూశారా? తర్వాత వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

"తర్వాత ఎవరొస్తరండీ? నూరేండ్ల కింది పేపర్. గీ మూలకు మనిషి రాంగ చూసుడు నాకు ఇదే ఫస్ట్."

"ఎవరూ రాకపోయినా రూల్ రూలే."

"మీరు డాక్టరా?"

"ఎలా తెలుసు?"

"మెడల బ్యాడ్జి ఉన్నది. లేకున్నా తెలిసేది. మందులు చెప్పినట్టు చెప్తున్నరు."

ప్రఫుల్ల బ్యాడ్జిని స్వెటర్ లోపలికి తోసింది. అతని పేరు అమరేందర్. హన్మకొండ. ఇక్కడొక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ పని. గురువారం ఒక్కరోజే లైబ్రరీ రాత్రి ఏడింటి దాకా ఉంటుంది కనుక ఆఫీసు నుంచి నేరుగా ఇక్కడికే వస్తాడు. ఇవన్నీ ఆమె అడగకుండానే చెప్పాడు.

"ఇంత పాత పేపరు దేనికి?" అని మాత్రం అడిగింది.

"ఊకెనే. గీ ఊర్ల నాతోని మాట్లాడేటోళ్ళు ఎవరు లేరు. గీయన మాట్లాడుతడు."

జోక్ చేసినట్టే అన్నాడు.  ప్రఫుల్ల లేచి కుర్చీ ఇచ్చేసింది. నంబరు అతనూ అడగలేదు, ఆమె ఇవ్వలేదు. వానలో బస్సెక్కాక, ఎన్నాళ్ళ తర్వాత తెలుగులో పోట్లాడానో అనుకుంది. ఆ పోట్లాట ఇంకాస్త సాగి ఉంటే బావుండేదనిపించింది.

*

ఆ తర్వాత రోటా, అంటే ఆసుపత్రి డ్యూటీల పట్టిక, ఆమెకు గురువారం సాయంత్రాలు ఇవ్వలేదు. ఒక సోమవారం ఉదయం సెలవు దొరికితే లైబ్రరీకి వెళ్ళింది. టోపీల కొట్టు పిల్ల ఏమయిందో తెలుసుకుందామని, తనకు తాను చెప్పుకుంది.

మూల యంత్రంలో రీలు సగం ఈ చక్రం మీద, సగం ఆ చక్రం మీద అలాగే ఉంది. చుట్టలేదు. పెట్టెలో పెట్టలేదు.

"మొండివాడు," అనుకుంటూ దీపం వేసింది.

తెర మీద వేరే కథ. ఒకావిడ ట్రామెక్కి, తను ఎక్కీ ఎక్కకముందే గంట కొట్టేశాడని కండక్టర్‌తో పోట్లాడిందట. రూల్సన్నీ వరసగా అప్పజెప్పిందట. 'ఆమె దిగిపోయాక ట్రామ్ బోసిపోయింది. నాకూ కండక్టర్‌కీ ఏమీ తోచలేదు' అని ముగించాడు ఆ ట్రామాయన.

అది తనకోసమే అక్కడ ఆపి ఉంచాడని ప్రఫుల్లకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చుట్టూ చూసింది, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఎవరూ లేరు. కౌంటర్ దగ్గర మార్గరెట్ అనే లైబ్రేరియన్ కళ్ళజోడు తుడుచుకుంటోంది.

ఆమె చక్రం తిప్పింది. వెతికి వెతికి ఒక సంచిక దగ్గర ఆపింది. చదివే గదిలో పేపరు మొహం మీద వేసుకుని గురకపెట్టే పెద్దమనిషి గురించి. రీలు చుట్టకుండా, దీపం మాత్రం ఆర్పి వచ్చేసింది.

అలా మొదలైంది.

తర్వాతిసారి వెళితే, ఇంటి యజమానురాలిని తలుపు సందులోంచి అడిగి గుడ్డు వేయించడం నేర్చుకున్న ఒంటరి గుమాస్తా కనిపించాడు. అంటే అమరేందర్ రోజూ గుడ్డే తింటున్నాడన్నమాట. దానికి ఆమె, మార్కెట్లో కూరలు బేరమాడడం రాక ఉల్లిపాయలు మాత్రమే కొనుక్కుపోయే కుర్రవాడిని వదిలింది. గాలికి గొడుగు తిరగబడితే దాన్ని తిట్టకుండా 'థాంక్యూ' చెప్పిన ముసలాయనను అతను వదిలాడు. ఒక్కోసారి ఆమెకు నైట్లు పడి రెండు మూడు వారాలు వెళ్ళడం కుదిరేది కాదు. వెళ్ళేసరికి రీలు అక్కడే, అదే చోట ఎదురుచూస్తూ ఉండేది.

"మామూలుగా అయితే నేనే చుట్టి పెట్టేస్తాను," అంది మార్గరెట్ ఒకసారి, అడగకుండానే. "ఆ మూల యంత్రాన్ని మాత్రం ముట్టుకోవడం లేదు. నాకు కీళ్ళనొప్పులు." అని రెండు చేతులతో అంత బరువు పుస్తకాల దొంతర ఎత్తుకుని వెళ్ళిపోయింది.

*

ప్రఫుల్ల అద్దెకుండేది ఓక్‌వుడ్‌లో, పుష్పలీల ఆంటీ ఇంటి పైగదిలో. ఆంటీది కొవ్వూరు. అంకుల్ ఇక్కడే డాక్టరుగా చేసి, రిటైరవకముందే పోయారు. అంత ఇంట్లో ఆవిడ ఒక్కతే. ప్రఫుల్ల డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆవిడ నిద్రపోయేది, ఆవిడ లేచేసరికి ప్రఫుల్ల నిద్రపోయేది. ఒకే కప్పు కింద ఇద్దరు ఒంటరివాళ్ళు, ఫ్రిజ్‌లో గిన్నెల ద్వారా మాట్లాడుకునేవారు. పప్పు గిన్నె మీద మూత ఉంటే తిను అని, మూత మీద ఇంకో మూత ఉంటే రేపటికి ఉంచు అని అర్థం.

ఇద్దరికీ కుదిరిన పూట మాత్రం ఆంటీ వదిలేది కాదు.

"ఏవంటున్నాడే మీ ట్రామాయన?"

ప్రఫుల్ల కథ తెలుగులో చెప్పేది. ఆవిడ కరివేపాకు దూస్తూ వినేది.

"రీలు చుట్టకుండా వదిలేస్తాడే, ఆ కుర్రాడేవంటున్నాడు?"

"ఏమీ అనడు ఆంటీ. మనిషిని ఒక్కసారే చూశాను."

"చూడకుండానే నవ్వుకుంటున్నావా అమ్మాయ్, బావుంది. చుట్టనివాడు మంచివాడే అయ్యుంటాడు. మీ అంకుల్ కూడా టూత్‌పేస్టు మూత పెట్టేవారు కాదు."

"అది మంచితనమా?"

"మూత పెట్టేవాళ్ళు ఇంట్లో ఉన్నారన్న ధైర్యమే అది," అంది ఆంటీ. కరివేపాకు రెమ్మ చేతిలో అలాగే ఉండిపోయింది కాసేపు.

ఇంటి మలుపులో ఒక పెద్ద గడియార స్తంభం ఉంది. నాలుగు వైపులా నాలుగు మొహాలు. ఒకనాడు దాని పక్కగా నడుస్తూ ఆంటీ ఆగింది.

"మీ అంకుల్ ఉన్నన్నాళ్ళు నాకు బోర్డు చదవాల్సిన అవసరం రాలేదు. ఏ బస్సో ఆయనే చెప్పేవారు. ఆయన పోయాక ఒకనాడు బస్సు తప్పెక్కి ఎక్కడికో పోయానే. ఇంటికొచ్చి ఏడ్చి, మర్నాటినుంచి ఏబీసీడీలు మొదలుపెట్టా. రోజూ ఇక్కడికొచ్చి ఇదుగో, ఈ పలక మీద అక్షరాలు కూడబలుక్కునేదాన్ని. నేను మొదటినుంచి చివరిదాకా చదివిన మొదటి ఇంగ్లిష్ ఇదే. ఏవుందో చెప్పనా? ఈ గడియారం మొదట్లో ఊళ్ళో పెద్ద మార్కెట్లో ఉండేదిట. తర్వాత దాన్ని ఊడదీసి ఇక్కడికి తెచ్చి పెట్టారుట."

"అలాగా!"

"అలాగే. నాలాగే. అక్కడ పాతినదాన్ని పీక్కొచ్చి ఇక్కడ నిలబెట్టారు. అయినా టైము చెప్తూనే ఉందిగా?"

ప్రఫుల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. ఆవిడకు ఆ అవసరం లేదు. అయినా పట్టుకోనిచ్చింది.

*

మార్చిలో ఒక వారం వార్డులో ప్రఫుల్ల చూస్తున్న ముసలాయన పోయాడు. చూడటానికి ఎవరూ రాలేదు. ఫోన్ చేయడానికి ఫైలులో నంబరు కూడా లేదు. పొద్దున డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళలేక లైబ్రరీకి వచ్చింది. ఆ పూట ఆమెకు వేళాకోళం తోచలేదు. రాత్రి పని ముగించుకుని ఇంటికి పోయే నర్సు గురించిన సంచిక దగ్గర ఆపింది. పాలబండివాడు ఆమెకు 'గుడ్ మార్నింగ్' అంటాడు, ఆమె వాడికి 'గుడ్ నైట్' అంటుంది. ఆమెకు రోజంతటిలో ఉన్న సంభాషణ అంతే.

అలా వదిలివచ్చినందుకు తర్వాత సిగ్గుపడింది. గోడు వెళ్ళబోసుకున్నట్టు అయిందేమో అనిపించింది.

మళ్ళీ వెళ్ళేసరికి తెర మీద ఒక చిన్న సంచిక. చలికాలం, ట్రామ్ ఆగేచోట ప్రయాణికుల గది. పొయ్యిలో నిప్పు ఆరిపోవస్తోంది. తన ట్రామ్ వచ్చేసినా ఒక మనిషి ఆగి, పొయ్యిలో ఇంకొక బొగ్గుగడ్డ వేసి పరుగెత్తుకుంటూ ఎక్కాడట. ఎవరికోసం వేశావయ్యా అని అడిగితే, 'తర్వాత వచ్చేవాళ్ళకి చలేస్తుంది' అన్నాడట.

ప్రఫుల్ల చాలాసేపు ఆ తెర ముందు కూర్చుంది. చేతులు చాపి వెలుగు దగ్గర పెట్టుకుంది, నిజంగా అక్కడ పొయ్యి ఉన్నట్టు.

ఆ రోజు రీలు కదపలేదు. అలాగే ఉంచి వచ్చేసింది. అదే జవాబు.

*

జూన్‌లో ఆమెకు ట్రైనింగ్ పోస్టు వచ్చింది, నార్తాంప్టన్‌లో. ఆగస్టు మొదటి బుధవారం చేరాలి. నరసాపురంలో అమ్మ సంబరపడిపోయింది. వార్డులో కేకు కోశారు. కేకు మీద పేరులో రెండు అక్షరాలు తప్పు.

ఈ ఊరికి వచ్చినరోజు ఆమె సూట్‌కేసు ఎవరూ పట్టుకోలేదు. వెళ్ళేరోజూ అంతే. దానికి ఆమె బాధపడలేదు. కానీ చెప్పకుండా వెళ్ళిపోతే, మూల యంత్రం ముందు ఒక మనిషి గురువారం గురువారం వచ్చి, కదలని రీలు చూసుకుని పోతాడు. ఆ ఊహ భరించలేకపోయింది. అతన్ని ఒక్కసారి ఎదురుగా చూడాలి. ఊళ్ళో ఉండగానే చూడాలి.

మార్గరెట్‌నడిగితే నంబరు దొరికేదేమో. అలా అడిగితే ఇన్నాళ్ళ ఆట పాడైపోతుందనిపించింది. అందుకని వెతికింది. రెండు పూటలు వెతికితే దొరికింది. రోజూ ఒకే ట్రామ్‌లో ఎదురెదురుగా కూర్చుని ఎన్నడూ మాట్లాడుకోని ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. చివరికి ఆ అమ్మాయే దిగిపోతూ అంది: 'శనివారం సాయంత్రం ఐదింటికి, గడియారం కింద.'

ఇంతకన్నా సూటిగా ఏ ఆడపిల్ల చెబుతుంది? రీలు అక్కడ ఆపింది. గడియారం అంటే తన ఇంటి మలుపులోదే కదా. మార్కెట్ గడియారం ఓక్‌వుడ్ వచ్చిందని ఈ పాత పేపర్లు చదివేవాడికి తెలియకుండా ఉంటుందా?

శనివారం డ్యూటీ బతిమాలి మార్చుకుంది. నీలంరంగు కుర్తా వేసుకుంది. నాలుగున్నరకే వెళ్ళి గడియారం కింద నిలబడింది. సన్నగా వాన మొదలైంది. బస్సులు ఆగాయి, మనుషులు దిగారు, గొడుగులు విప్పుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఐదు కొట్టింది. ఆరు కొట్టింది. పొడుగ్గా ఉన్నవాడు ఎవరు దిగినా గుండె ఒకసారి లేచి కూర్చునేది. నానిన కుర్తా కాళ్ళకి చుట్టుకుంటుంటే ఇంటికొచ్చేసింది.

"ఎక్కడ తడిశావే?" అంది ఆంటీ.

"బస్‌స్టాప్‌లో."

ఆంటీ ఆమె మొహం చూసి తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

పనిలో చిక్కుకున్నాడేమో అనుకుంది. తర్వాతి వారం లైబ్రరీకి వెళ్ళింది. మూల యంత్రం ఖాళీగా ఉంది. రీలు అట్టపెట్టెలో, బుద్ధిగా, మొదటికంటా చుట్టి ఉంది.

మొదటిరోజు ఆమె చెప్పింది అదే కదా. చదవడం అయిపోయాక చుట్టి పెట్టాలని. అయిపోయిందన్నమాట.

*

మూడు వారాలు ఆమె ఆ వైపు వెళ్ళలేదు. అడిగి ఉండకపోతే రీలైనా మిగిలేదని రోజూ అనుకుంది. పుస్తకాలు డబ్బాల్లో సర్దింది. ఆఖరి శనివారం, మార్గరెట్‌కి చెప్పకుండా వెళ్ళడం మర్యాద కాదని లైబ్రరీకి పోయింది.

"మంచి ఊరు నార్తాంప్టన్," అంది మార్గరెట్. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నా కీళ్ళనొప్పులు మళ్ళీ మొదలయ్యాయి," అంది.

"అయ్యో, డాక్టర్‌కి చూపించుకున్నారా?"

"డాక్టర్‌కే చెబుతున్నాను."

ప్రఫుల్ల మూల వైపు చూసింది. యంత్రంలో రీలు ఉంది. సగం ఈ చక్రం మీద, సగం ఆ చక్రం మీద. పక్కనున్న పెట్టె మీద ఆమె ఎరగని ఏడాది, 1912.

దీపం వేసింది.

'మార్కెట్ గడియారాన్ని ఊడదీశారు' అని రాశాడు ట్రామాయన. 'బండ్ల మీద ఎక్కించి ఓక్‌వుడ్ తీసుకుపోయి నిలబెట్టారు. గడియారానికేం, అక్కడా అదే టైము చెబుతుంది. నా బెంగంతా ఇంకొకటి. గడియారం కింద కలుద్దామని మాట ఇచ్చుకున్నవాళ్ళు ఇకమీదట ఒకరు అక్కడా ఒకరు ఇక్కడా నిలబడి, రెండోవాళ్ళది రాతిగుండె అనుకుని ఇళ్ళకు పోతారు కాబోలు.'

ఆమె రెండోసారి చదవలేదు. అక్కర్లేకపోయింది. అమరేందర్ మార్కెట్‌కి వెళ్ళాడు. ఎప్పుడో తరలిపోయిన గడియారం కింద నిలబడ్డాడు.

గోడ మీద టైము నాలుగూ ఇరవై. శనివారం.

"మార్గరెట్!" అంది. అప్పటికే లేచి నిలబడింది.

"ఓక్‌వుడ్‌కి పన్నెండో నంబరు బస్సు ఇప్పుడే వస్తుంది," అంది మార్గరెట్.

*

బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. ఒక ముసలమ్మ చిల్లర లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. ఒకాయన దిగబోయి, ఇది కాదని మళ్ళీ కూర్చున్నాడు. ప్రఫుల్ల బస్సు పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుని, ఎర్రలైటు పడినప్పుడల్లా కడ్డీ గట్టిగా పట్టుకుంది. ఉంటాడని ఏముంది? ఆ రీలు ఎప్పుడు వదిలాడో ఏమో. వచ్చి చూసి విసిగి పోయి ఉండొచ్చు.

మలుపు తిరిగింది. గడియారం కనబడింది. దాని కింద ఒక పువ్వుల గొడుగు.

ఆ గొడుగు పుష్పలీల ఆంటీది. గొడుగు కింద సగం ఆంటీ, సగం అమరేందర్. అతను ఆవిడ కూరల సంచి పట్టుకుని వంగి వింటున్నాడు. ప్రఫుల్ల బస్సు దిగి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఏదో గట్టిగా అడుగుతోంది.

"... ఏ ఊరు, ఏం చదివావు అన్నీ చెప్పావు గానీ, ఎవరికోసమో చెప్పవేం బాబూ?"

"ఆమె వచ్చినంక ఆమెనే చెప్తదాంటీ. రాకపోతే చెప్పి లాభం లేదు గద."

"రెండో శనివారం ఇది. పోయినసారీ ఇలాగే తడిశావు. రాని పిల్లకోసం..."

"వచ్చింది," అంది ప్రఫుల్ల.

ఇద్దరూ తిరిగారు. అమరేందర్ చేతిలోంచి సంచి జారింది. ఉల్లిపాయలు రోడ్డు మీద దొర్లాయి.

"ఉల్లిపాయలేనా?" అంది ఆమె. అనవలసిన మాటలన్నీ పోయి అదొక్కటే వచ్చింది. "ఇంకా బేరమాడడం రాలేదా?"

"ఆంటీవండీ ఇవి. నావి గుడ్లు."

ఆమె నవ్వబోయింది. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. వానలో తెలియదులే అనుకుంది గానీ అతనికి తెలిసింది.

"మార్కెట్లో నిలబడ్డారా?" అని అడిగింది.

"నిలవడ్డ. ఆడ గడియారం లేదు. ఏడ ఉండెనో ఒక పెద్దమనిషిని అడిగి, గా జాగలనే నిలవడ్డ. దుకాణాలు బంద్ చేస్తున్నమని పంపించేదాంక ఉన్న. మీరు రాలే."

"నేనిక్కడ ఉన్నాను. ఇదే చోట. కుర్తా తడిసి రంగు పోయింది."

"నాకేమెరుక? నేను 1911 రీలే చదివితి. 1912 రీలు పెట్టేటాళ్ళకు ఇగ..." అతను తల గోక్కున్నాడు. "మీరు వద్దనుకున్నరేమో అనుకున్న. మీరు చెప్పినట్టే చుట్టి పెట్టిన. ఒక్క మాటన్న మీది వినాలె గద అని."

"ఆ ఒక్క మాటే వినాలా?"

"తప్పయింది."

"నేను బుధవారం నార్తాంప్టన్ వెళ్ళిపోతున్నాను," అంది ప్రఫుల్ల ఒక్క గుక్కలో. "అది చెప్పడానికే రమ్మన్నాను. అదొక్కటే కాదు. ఈ ఊళ్ళో నేను లేకపోతే ఎవరికైనా తెలుస్తుందా అని చూసుకుంటే, మీరొక్కరే కనబడ్డారు."

 అమరేందర్ వంగి ఒక్కొక్క ఉల్లిపాయా ఏరి సంచిలో వేశాడు. లేచి నిలబడి అన్నాడు:

"నాకు గురువారం తప్ప వేరే రోజులు ఉన్నట్టే లేకుండెనండీ. మీరు పోతె అది గూడ ఉండదు. నార్తాంప్టన్‌కి ట్రైన్లు నడుస్తయి గద. నేనొస్త. మీ రోటాల ఏ రోజు సెలవు రాసి ఉంటె గా రోజు. మీకు ఇష్టముంటెనే."

"నా రోటా నాకే తెలీదు. ముందు రోజు మారుస్తారు."

"మరి ఫోన్ నంబరు ఇస్తరా, ఇంకో వందేండ్లు ఆగాల్నా?"

"ఇష్టం లేకపోతే బస్సెక్కి ఇలా పరుగెత్తుకొస్తానా?" అంది ఆమె. అతని ఫోన్ తీసుకుని నంబరు కొట్టింది. వేళ్ళు తడిగా ఉండి రెండుసార్లు తప్పింది.

పుష్పలీల ఆంటీ గొడుగు మడిచి మళ్ళీ విప్పింది. ఇద్దరి మొహాలూ చూసింది.

"అయితే ఆ చుట్టనివాడివి నువ్వేనా? ఓరి భగవంతుడా. పోయిన శనివారమే చెప్పుంటే ఇంటికి లాక్కొచ్చేదాన్ని కదయ్యా, ఇదిగో ఆ పచ్చ తలుపే మాది!"

"నాకు చెప్పలేదేం ఆంటీ?" అంది ప్రఫుల్ల.

"ఏం చెప్పను? నువ్వేమో మూడు వారాలుగా మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావు. గడియారం కింద ఎవడో కుర్రాడు ముద్దగా తడుస్తున్నాడంటే వింటావా?" ఆవిడ అమరేందర్ చేతిలో సంచి అందుకోబోయి, మళ్ళీ అతనికే వదిలేసింది. "పట్టుకురా. పప్పు వండాను. ఇవాళ మూత మీద మూత పెట్టను."

పచ్చ తలుపు దాకా నడుస్తూ ఆంటీ రెండడుగులు వెనకబడింది. ఇద్దర్నీ గొడుగు లేకుండానే ముందు నడవనిచ్చింది. "మీ అంకుల్‌కి చూపిస్తే బావుండేది," అంది ఎవరితోనూ కాకుండా.

*

సోమవారం ఇద్దరూ కలిసి లైబ్రరీకి వెళ్ళారు. అమరేందర్ ఆఫీసుకి సెలవు పెట్టాడు. యంత్రం ముందు ఒకటే కుర్చీ. మార్గరెట్ ఇంకొకటి తెచ్చి పడేసి వెళ్ళిపోయింది.

1912 రీలు చుట్టి పెట్టెలో పెట్టారు. 1911 రీలు తీసి ఎక్కించారు. చక్రం ఆమె తిప్పింది. ఎక్కడ ఆపాలో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

టౌన్‌హాల్ మెట్లు. రాతి సింహం. టోపీల కొట్టు పిల్ల, పిచ్చుకలకు సగం రొట్టె.

"చుట్టాల్నా?" అన్నాడు అమరేందర్.

"వద్దు," అంది ప్రఫుల్ల. ఆర్పబోయిన దీపం కూడా ఆర్పకుండా వదిలేసింది. "తర్వాత వచ్చేవాళ్ళకి చలేస్తుంది."

కిటికీ బయట వాన పడుతూనే ఉంది. వాళ్ళు మెట్లు దిగిపోయాక మూల యంత్రం చాలాసేపు ఒక్కటే వెలిగింది. మార్గరెట్ చూసి కూడా లేవలేదు. ఆవిడకు కీళ్ళనొప్పులు.